పాత ఫోనుకు గడువు పెట్టేది ఎవరు?

పల్లెల్లో సెల్ ఫోను ఇప్పుడు విలాస వస్తువు కాదు. గ్యాస్ బండ బుక్ చేయాలన్నా, బ్యాంకులో ఎంత నిల్వ ఉన్నదో తెలుసుకోవాలన్నా, గుంటూరు యార్డులో నేడు మిర్చి ధర ఎట్లా ఉన్నదో చూడాలన్నా, పొలం అడంగల్ కావాలన్నా అందరూ ఫోనే తీస్తున్నారు. కూలికి పోయే వారు సైతం సంత సరుకుకు ఫోనుతోనే డబ్బు చెల్లిస్తున్నారు. ఒక ఇంటిలో కొన్న ఫోను ఒకరితో ఆగదు. ముందు కొడుకు వాడతాడు, తర్వాత తండ్రికి వస్తుంది, చివరకు అమ్మమ్మ చేతికి చేరుతుంది. ఎడ్ల బండిని, పంపు సెట్టును వాడినట్లే మన వాళ్ళు ఫోనును కూడా అరిగేదాకా వాడతారు. అది తప్పు కాదు, పొదుపు.

అయితే ఈ పొదుపును కంపెనీల వారు సాగనివ్వడం లేదు. అద్దం పగలని, బ్యాటరీ దిగజారని, చక్కగా మాట వినబడే ఫోనుకు కూడా రెండు మూడు సంవత్సరాలు గడవగానే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు నిలిపివేస్తున్నారు. ఫలానా తేదీతో నిలిపివేస్తామని కొనేటప్పుడు కొట్టువాడు చెప్పడు, పెట్టె మీదా కనిపించదు. నిలిపివేసిన తర్వాత కూడా ఎవరూ కబురు చేయరు. విత్తనాల సంచికి చీటీ ఉంటుంది, దానిపై గడువు ఉంటుంది. పురుగు మందు డబ్బా మీద తయారైన తేదీ, గడువు తీరే తేదీ రెండూ ఉంటాయి. అరవై రూపాయల మందు బిళ్ళలకు సైతం తేదీ ఉంటుంది. పది వేలు పోసి కొన్న ఫోనుకు మాత్రం తేదీ లేదు. ఇది శోచనీయం.

అప్‌డేట్ అంటే ఏమిటి?

అప్‌డేట్లలో రెండు రకాలు ఉన్నవి. ఒకటి కొత్త హంగులు తెచ్చేది. బొమ్మల ఆకారం మారుతుంది, కెమేరాలో కొత్త మీటలు వస్తాయి. అది రాకపోయినా మనకు నష్టం లేదు. రెండవది భద్రతకు సంబంధించినది. ఫోను నడిపే ప్రోగ్రాములలో లోపాలు ఎప్పటికప్పుడు బయట పడుతూనే ఉంటాయి. ఆ లోపాలను పూడ్చడానికి పంపే మరమ్మతు ఇది. చెరువు కట్టకు ఎలుక బొక్క పడితే అది పైకి కనిపించదు. ఎండాకాలమంతా కట్ట గట్టిగానే ఉన్నట్లు ఉంటుంది. వరద వచ్చిన రోజు ఆ బొక్కలోంచే గండి పడుతుంది. ఫోను బాగానే పని చేస్తున్నది కదా, అప్‌డేట్ ఎందుకు అని అడిగేవారికి ఇదే సమాధానం.

2015 జూలైలో ఆండ్రాయిడ్ ఫోన్లలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. తప్పుడు పద్ధతిలో తయారుచేసిన ఒక వీడియో సందేశాన్ని పంపి ఎదుటివారి ఫోనును లొంగదీసుకునే వీలు అందులో ఉన్నది. దానికి మరమ్మతు త్వరలోనే సిద్ధమయింది. కాని ఆ మరమ్మతు అందరి ఫోన్లకు చేరలేదు. అప్పటికే కంపెనీలు వదిలివేసిన పాత ఫోన్లు ఆ లోపంతోనే మిగిలిపోయాయి. అంటే మందు దొరికింది గాని పేదవాని ఇంటికి చేరలేదు. ఈ సంఘటన తర్వాతనే గూగుల్, శామ్‌సంగ్ కంపెనీలు నెలనెలా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి.

మరమ్మతు అందని యంత్రాల వల్ల ఏమవుతుందో మన జిల్లాకు కొత్త కాదు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగింది. అప్పుడు మన గుంటూరుతో సహా రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ అదే సంవత్సరం మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. వేసుకున్న వారు బయటపడ్డారు, వేసుకోని వారు చిక్కారు. 2014లోనే వదిలివేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం ఆ ఆపద సమయంలో కంపెనీ ఉచితంగా మరమ్మతు ఇచ్చింది. తలచుకుంటే పాత వాటికి కూడా ఇవ్వవచ్చునని దీనివల్ల తేలింది.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. మన పల్లెల్లో జరిగే ఫోను మోసాల్లో చాలా వాటికి కారణం పాత సాఫ్ట్‌వేర్ కాదు. ఓటీపీ చెప్పమని అడిగితే చెప్పడం, పీఎం కిసాన్ పేరుతోనో చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును నొక్కడం వల్లనే ఎక్కువ డబ్బు పోతున్నది. ఎంత కొత్త ఫోనైనా, ఇంటివాడే తలుపు తీస్తే దొంగను ఆపలేదు. అయినా తలుపుకు గడియ ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఉన్నది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి వచ్చిన ఇలాంటి ఫైళ్ళు ఫోనులోని కీలకమైన అనుమతులు సులభంగా పొందకుండా అడ్డు పెట్టారు. పాత ఫోను వాడే ముసలి తల్లికి ఆ అడ్డు లేదు. జాగ్రత్త తక్కువ ఉన్నవారి చేతిలోనే గడియ లేని ఫోను ఉండడం ఇక్కడ అసలు ప్రమాదం.

కంపెనీల వాదన

పాత ఫోన్లకు అప్‌డేట్లు ఇవ్వడం ఖర్చుతో కూడిన పని అని కంపెనీల వారంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఫోను కంపెనీ ఒకటి, లోపలి చిప్పు చేసే కంపెనీ మరొకటి, ఆండ్రాయిడ్ ఇచ్చే గూగుల్ ఇంకొకటి. చిప్పు చేసే వారు తమ వంతు ప్రోగ్రాములు ఇవ్వడం మానితే ఫోను కంపెనీకి పని కష్టమవుతుంది. ప్రతి మోడలుకూ విడిగా పరీక్షలు జరపాలి. పదుల కొద్దీ మోడళ్ళు దించిన కంపెనీకి ఇది భారమే.

కాని ఏడాదికి పదుల కొద్దీ మోడళ్ళు దించమని వారిని ఎవరు అడిగారు? నాలుగు మోడళ్ళు తక్కువ చేసి, అమ్మిన వాటిని సక్రమంగా చూసుకోవచ్చు కదా. పైగా చేయలేమన్న పనిని చేసి చూపిన వారు ఉన్నారు. ఆపిల్ కంపెనీ 2013లో అమ్మిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా భద్రతా మరమ్మతు పంపింది. 2023 అక్టోబరులో విడుదలైన పిక్సెల్ 8కు ఏడేళ్ళ పాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ కూడా అదే మాట ఇచ్చింది. ఐరోపాలోని ఫెయిర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ 2015లో తెచ్చిన తన ఫోనును 2023 వరకు అప్‌డేట్లతో నడిపించింది. ఇంత చిన్న కంపెనీకి సాధ్యమైనది పెద్ద కంపెనీలకు ఎందుకు సాధ్యం కాదు?

ఇవన్నీ ఖరీదైన ఫోన్లు కదా అని కొందరు అనవచ్చు. 2024లో శామ్‌సంగ్ తెచ్చిన గెలాక్సీ ఎ16 ఖరీదైన వర్గానికి చెందినది కాదు. దానికి ఆరేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీయే చెప్పింది. కాబట్టి చవక ఫోనుకు ఎక్కువ కాలం ఇవ్వలేమన్న మాట నిలవదు. లక్ష రూపాయల ఫోను వాడేవారికి ఏడేళ్ళు, పది వేల ఫోను వాడేవారికి రెండేళ్ళు అనడం ఏ న్యాయం? లక్ష పెట్టి కొన్నవారు ఎట్లాగూ మూడేళ్ళకే ఫోను మారుస్తారు. ఏడేళ్ళు వాడేది పది వేలు పెట్టి కొన్నవారే.

లెక్క ఏ రోజు నుంచి?

సంవత్సరాలు ఎన్ని అన్నదానికంటే, ఆ సంవత్సరాలను ఏ రోజు నుంచి లెక్కిస్తున్నారన్నది ముఖ్యం. కంపెనీలు సాధారణంగా మోడలు విడుదలైన రోజు నుంచి లెక్కిస్తాయి. పట్నాల్లో కొత్త మోడలు వచ్చిన వారం రోజుల్లోనే కొంటారు. పల్లెవాడు ధర తగ్గేదాకా ఆగి, దసరాకో సంక్రాంతికో కొంటాడు. 2021లో విడుదలైన మోడలుకు మూడేళ్ళు అప్‌డేట్లు అన్నారనుకుందాం. అదే మోడలును ఒకరు 2023 దసరాకు కొత్త పెట్టె విప్పి కొన్నారనుకుందాం. ఆయనకు దక్కేది మూడేళ్ళు కాదు, ఏడాది మాత్రమే. కొట్టులో కొత్తది కొన్నానని ఆయన అనుకుంటాడు. నిజానికి కొన్నది మూడింట రెండు వంతుల గడువు తీరిన సరుకు. గడువు దగ్గరపడిన విత్తనం అమ్మితే రైతులు ఊరుకుంటారా? ఫోను విషయంలో మాత్రం తెలియక ఊరుకుంటున్నారు.

అందువల్ల లెక్క విడుదల రోజు నుంచి కాక, కంపెనీ ఆ మోడలును అమ్మడం ఆపిన రోజు నుంచి ఉండాలి. ఆఖరున కొన్నవారికి కూడా పూర్తి గడువు దక్కాలి.

ఇతర దేశాలు ఏం చేశాయి?

ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. నెదర్లాండ్స్‌లో వినియోగదారుల సంఘం వారు 2016లోనే శామ్‌సంగ్‌పై కోర్టుకు వెళ్ళారు. కొన్నవారికి తగినంత కాలం అప్‌డేట్లు ఇవ్వాలని కోరారు. 2018లో హేగ్ నగరంలోని కోర్టు ఆ కోర్కెను అంగీకరించలేదు. చట్టంలో స్పష్టంగా లేనిదాన్ని కోర్టులో సాధించడం కష్టమని అప్పుడు తేలింది. చట్టమే కావాలన్న వాదానికి బలం చేకూరింది.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌కు తగిలించే ఏ పరికరం అమ్మినా భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంత కాలం ఇస్తారో కంపెనీ ముందే చెప్పాలి. ఇన్ని సంవత్సరాలు ఇచ్చి తీరాలని అందులో లేదు, చెప్పాలని మాత్రమే ఉన్నది. ఐరోపా సమాఖ్య ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమలవుతున్న నిబంధనల ప్రకారం, మోడలు అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఉచితంగా అందుబాటులో ఉంచాలి. విడి భాగాలు ఏడేళ్ళ పాటు దొరకాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జి చేసినా మొదటి శక్తిలో 80 శాతానికి తగ్గకూడదు. బ్యాటరీ ముందే చస్తే అప్‌డేట్ ఉండి ఏం లాభం? ఈ మూడూ కలిపి పెట్టడం తెలివైన పని.

అయితే ఆ నిబంధన రాతలో ఒక సందు ఉన్నది. అప్‌డేట్లు ఇచ్చే పక్షంలో ఉచితంగా ఇవ్వాలన్న ధోరణిలో అది రాయబడింది. అసలు అప్‌డేటే తయారు చేయకపోతే ఏమిటి అన్న వాదానికి అక్కడ చోటు చిక్కింది. మన చట్టం రాసేవారు ఈ సందును ముందే పూడ్చుకోవాలి.

మన దేశంలో ఏమున్నది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. ఫోన్లు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఫోన్లకు, ఇతర పరికరాలకు మరమ్మతు సూచిక ఎట్లా ఉండాలో సూచించే నివేదిక 2025 మేలో ప్రభుత్వానికి అందింది. విడి భాగాలతో పాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా అందులో కొలమానంగా చేర్చారు. ఇది ఆహ్వానించదగినదే. కాని సూచిక అంటే మార్కులు వేయడం. తక్కువ మార్కులు వచ్చిన ఫోను చవకగా దొరికితే పల్లెవాడు దాన్నే కొంటాడు. మార్కులు వేరు, కనీస బాధ్యత వేరు. కనీస బాధ్యతను చట్టమే నిర్ణయించాలి.

ప్రభుత్వ బాధ్యత కూడా

కంపెనీలను నిందించి ఊరుకుంటే సరిపోదు. ప్రభుత్వం తన పనులన్నింటినీ ఫోనులోకి మారుస్తున్నది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును ఫోను యాప్‌లో ఫొటోతో నమోదు చేయడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. పీఎం కిసాన్ ఈకేవైసీకి ముఖం చూపించే యాప్ అదే ఏడాది జూన్‌లో వచ్చింది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పుతుందని ప్రజలు సంతోషించారు. కాని అదే జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4, అంతకంటే పాత ఫోన్లలో వాట్సాప్ పని చేయడం నిలిచిపోయింది. నెల మొదట్లో ఒక తలుపు మూశారు, నెలాఖరులో ఆ తలుపులోంచే రమ్మన్నారు. అంత పాత ఫోన్లు తక్కువే కావచ్చు. కాని ఇప్పుడు కొత్తవిగా ఉన్న ఫోన్లు కూడా ఒకనాడు ఆ వరుసలో నిలబడేవే.

ప్రభుత్వ యాప్ ఏదైనా కనీసం ఏడెనిమిదేళ్ళ నాటి ఫోనులో పని చేసేలా తయారు చేయించాలి. ఫోను లేనివారికి, ఉన్నా పాతబడిన వారికి సచివాలయంలో అదే పని మనిషి చేతి మీదుగా జరగాలి. ఫోను పాతదైందని పింఛను గాని, రేషను గాని, కూలి గాని ఆగరాదు. పని చేయడానికి ఫోను తప్పనిసరి అని ప్రభుత్వం అంటే, ఆ ఫోను ఖర్చు పేదవాని నెత్తిన పెట్టరాదు.

అప్‌డేట్ వస్తే ఫోను చెడుతుందా?

అప్‌డేట్ వేసుకున్నాక ఫోను నెమ్మదించిందని, బ్యాటరీ నిలవడం లేదని చెప్పేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. అందుకే కొందరు వచ్చిన అప్‌డేట్‌ను కూడా వేసుకోవడం మానేస్తున్నారు. ఈ భయం నిరాధారం కాదు. అప్‌డేట్ల వల్ల పాత ఫోన్లు మందగించిన సంగతిపై ఇటలీ ప్రభుత్వ సంస్థ 2018లో ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఇదే విషయం వినియోగదారులకు చెప్పనందుకు ఆపిల్‌కు 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించింది.

దీనికి మందు అప్‌డేట్లు మానడం కాదు. భద్రతా మరమ్మతును, కొత్త హంగులను వేరు చేయడం. కట్ట బొక్క పూడ్చమంటే కట్ట మీద మేడ కట్టనక్కరలేదు. భద్రతా మరమ్మతు విడిగా ఇవ్వాలి. కొత్త హంగులు కావలసిన వారే వేసుకోవాలి. వేసుకున్నాక ఫోను మందగిస్తే వెనుకటి స్థితికి తెచ్చుకునే వీలు కూడా ఉండాలి.

ఎంత కాలం సబబు?

కొత్త హంగులు రెండు మూడేళ్ళు ఇస్తే చాలు. అంతకంటే అడగడం న్యాయం కాదు. భద్రతా మరమ్మతులు మాత్రం, అమ్మకం ఆపిన రోజు నుంచి కనీసం ఐదేళ్ళు ఉండాలి. ఒక మోడలు సాధారణంగా ఒకటి రెండేళ్ళు అమ్ముతారు. అంటే విడుదల నుంచి లెక్కిస్తే ఆరేడేళ్ళు అవుతుంది. ఖరీదైన ఫోన్లకు ఈనాడు కంపెనీలే స్వయంగా ఇస్తామంటున్న గడువు ఇదే. కాబట్టి ఇది గొంతెమ్మ కోర్కె కాదు. ఉన్నవారికి ఇస్తున్నది లేనివారికి కూడా ఇమ్మని అడగడమే.

ఆ గడువు ముగిసే తేదీని పెట్టె మీద తెలుగులో కూడా అచ్చు వేయాలి. గడువు తీరడానికి ఆరు నెలల ముందు ఫోనులోనే సందేశం రావాలి. గడువు తీరాక కంపెనీకి ఆ ఫోనుతో పని లేదనుకుంటే, దాని తాళం తీసి ఇతరులు మరమ్మతు చేసుకునే వీలు కల్పించాలి. ఇల్లు ఖాళీ చేసిపోయేవాడు తాళం చెవి ఇచ్చిపోవడం ధర్మం. పారవేసే ఫోన్లు తగ్గితే చెత్త కూడా తగ్గుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. శుద్ధి కంటే ముందు చేయవలసింది, బాగున్న వస్తువును చెత్త కాకుండా చూడడం.

మనం చేయవలసింది

చట్టం వచ్చేలోగా పాఠకులు కొన్ని పనులు చేయవచ్చు. ఫోను సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి చెప్పే భాగం తెరిస్తే, ఆండ్రాయిడ్ భద్రతా అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ ఏడాది దాటి ఉంటే, ఎక్కువ డబ్బున్న ఖాతాను ఆ ఫోనుతో ముడిపెట్టకపోవడం మంచిది. ఆ ఫోనులో ప్లే స్టోర్ బయటి ఫైళ్ళు ఏవీ వేయరాదు. కొత్త ఫోను కొనేటప్పుడు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో కొట్టువానిని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. ఒకరు అడిగితే నవ్వుతాడు, పదిమంది అడిగితే తెలుసుకుని చెబుతాడు. మాట తప్పితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పాలి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, కొనే వస్తువు నాణ్యత గురించి తెలుసుకునే హక్కు మనకు ఇచ్చింది. ఫోను ఎన్నాళ్ళు భద్రంగా ఉంటుందన్నది నాణ్యత కాక మరేమిటి? విత్తనానికి, మందుకు తేదీ వేయించిన ప్రభుత్వం ఫోనుకు కూడా వేయించగలదు. మన పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని సభలో లేవనెత్తాలి. గ్రామ సభల్లో తీర్మానాలు చేసి పంపితే వారికీ బలం చేకూరుతుంది. రెక్కల కష్టంతో కొన్న వస్తువుకు గడువు పెట్టే అధికారం అమ్మినవాడి ఇష్టానికి వదిలివేయరాదు.